కమ్యూనిటీ హాల్లో పిల్లల పుస్తకాల గది: పెట్టడం, నడపడం, రాయించడం

"మా కమ్యూనిటీ హాలు ఏడాదిలో సగం రోజులు తాళం వేసే ఉంటుంది, అందులో పిల్లలకి పుస్తకాలు పెడదామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగేవాళ్లు బాగా పెరిగారు. దాని వెనకే ఇంకో రెండు ప్రశ్నలు వస్తాయి. పుస్తకాలు పెట్టాం గానీ పిల్లలు రావట్లేదు. వచ్చినవాళ్లు చదువుతున్నారు గానీ రాయమంటే పారిపోతున్నారు. మూడింటికీ కలిపి ఇక్కడ వరసగా రాస్తున్నా. ఆరేళ్ల నుంచి పదిహేనేళ్ల పిల్లలు, ఒకేసారి పాతికమందికి మించకుండా, వారంలో మూడు పూటలు, నడిపేది జీతం లేని మనుషులు, ఇదీ నా లెక్క. మీది పల్లె అయినా, బస్తీ అయినా, అపార్ట్‌మెంట్ సెల్లారు అయినా పద్ధతి పెద్దగా మారదు.

ముందే ఒకటి తేల్చేసుకోండి. మీరు పెడుతున్నది ట్యూషన్ కాదు. మార్కులు పెరుగుతాయని తల్లిదండ్రులకి మాట ఇవ్వకండి, పెరిగినా ఆ పేరు మీరు తీసుకోకండి. ఈ గదిలో పిల్లల్ని ఎవరూ ప్రశ్నలడగరు, అప్పజెప్పమనరు. కింద చెప్పే చాలా సంగతులు ఈ ఒక్కదాని మీదే ఆధారపడ్డాయి.

కావలసినవి

- వెలుతురు, గాలి వచ్చే గది. పక్కన నీళ్లు, వాడుకునేలా ఉన్న మరుగుదొడ్డి. మరుగుదొడ్డి లేకపోతే ఏడో తరగతి దాటిన ఆడపిల్లలు రెండోసారి రారు.
- తాళం వేసే ఇనప బీరువా గానీ, రెండు ట్రంకు పెట్టెలు గానీ. హాలు ఫంక్షన్లకి ఇస్తారు కాబట్టి నా ఓటు ట్రంకు పెట్టెలకే.
- జంపఖానాలు లేదా చాపలు. బెంచీలు వద్దు, బెంచీ వేస్తే బడి అయిపోతుంది.
- నైలాన్ తాడు, బట్టల క్లిప్పులు నాలుగైదు డజన్లు.
- మొదటి విడతకి 150 పుస్తకాలు. వంద ఉన్నా మొదలుపెట్టొచ్చు, యాభైతో మాత్రం వద్దు, రెండు వారాల్లో పిల్లలకి "అన్నీ చూసేశాం" అనిపిస్తుంది.
- రూళ్ల రిజిస్టర్లు రెండు, తెల్ల కాగితాల కట్ట, పెన్సిళ్లు, నల్ల పెన్నులు, దబ్బనం, మందపాటి దారం, వెడల్పు పారదర్శక టేపు.
- వంతులవారీగా రాగలిగే పెద్దవాళ్లు కనీసం నలుగురు. ఏ పూటైనా గదిలో ఇద్దరు ఉండి తీరాలి.

ఫ్లెక్సీ, కంప్యూటరు, ప్రారంభోత్సవం, గోడ మీద మహనీయుల ఫొటోలు అక్కర్లేదు. ఆ డబ్బుతో ఇంకో యాభై పుస్తకాలు వస్తాయి.

1. అనుమతి కాగితం మీద తీసుకోండి

ఊళ్లో అయితే పంచాయతీకి అర్జీ పెట్టి తీర్మానంలో రాయించండి: ఏ రోజులు, ఏ వేళలు, తాళం ఎవరి దగ్గర, కరెంటు బిల్లు ఎవరిది. పట్నంలో అయితే మున్సిపల్ వార్డు ఆఫీసు లేదా కాలనీ సంఘం. నోటిమాట మీద మొదలుపెడితే సర్పంచ్ మారిన రోజున తాళం కూడా మారుతుంది. సీమంతాలు, మెడికల్ క్యాంపులు, ఎన్నికలొస్తే పోలింగ్ కేంద్రం, ఇవన్నీ అదే హాల్లో జరుగుతాయి, దాని మీద గొడవకి దిగకండి. అరగంటలో అంతా పెట్టెల్లో సర్దేసి పక్కింటికి చేర్చేలా ఉంటే చాలు. ఆ పూట గది ఏ అరుగు మీద నడుస్తుందో ముందే అనుకుని పిల్లలకి చెప్పి ఉంచండి, ఒక్క వారం మూత పడినా మళ్లీ కూడగట్టడం కష్టం.

మీ ఊళ్లో ప్రభుత్వ శాఖా గ్రంథాలయం ఉంటే ముందు అక్కడికే వెళ్లి మాట్లాడండి. ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనం కడుతూనే ఉన్నాం, అక్కడే ఒక మూల పిల్లలకి ఇస్తామంటే వేరే గది వెతుక్కునే పనే లేదు.

హాలు దొరకకపోతే బడి వదిలాక ఒక తరగతి గది అడగండి, లేదా ఎవరిదైనా పెద్ద వసారా. గుడి మండపం, చర్చి ఆవరణ ఇస్తామంటే మాత్రం ఊళ్లో అన్ని వాడల పిల్లలూ అక్కడ అడుగు పెడతారా అని నిజాయితీగా చూసుకోండి, పెట్టరు అనిపిస్తే వద్దు. చోటు లేదని మానేసేవాళ్లకి ఒక్క మాట: 1935లో గుంటూరు జిల్లాలో గ్రంథాలయ ఉద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు కాలవలో పడవ మీద గ్రంథాలయం నడిపించారు.

జాగ్రత్త: గది తలుపులు ఎప్పుడూ బార్లా తీసే ఉండాలి. ఉండే ఇద్దరు పెద్దల్లో ఒకరు ఆడవాళ్లైతే మంచిది. చీకటి పడకముందే పంపించేయండి. ప్రతి పిల్లాడి ఇంటి ఫోన్ నంబరు రిజిస్టర్లో ఉండాలి. పిల్లల ఫొటోలు, పేర్లు కలిపి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, తల్లిదండ్రులు ఒప్పుకుంటే తప్ప.

2. పుస్తకాలు ఏరుకోండి, సేకరించకండి

"పుస్తకాలు ఇవ్వండి" అని ఊళ్లో చెప్పారనుకోండి, జనం అటకలు దులుపుతారు. పాత గైడ్లు, ఎంసెట్ మెటీరియల్, క్వశ్చన్ బ్యాంకులు, సంఘాల సావనీర్లు, అట్టలూడిన నవలలు బస్తాల్లో వస్తాయి. అవి అరల్లో పెడితే గది నిండినట్టే ఉంటుంది, పిల్లాడికి చదవడానికి ఒక్కటీ ఉండదు. తీసుకునేటప్పుడే చెప్పేయండి: పిల్లలకి పనికిరానివి తూకానికి వేసి ఆ డబ్బుతో కొత్తవి కొంటాం అని. ఎవరూ ఏమీ అనుకోరు. అనుకునేవాళ్లు ఇంట్లోనే పెట్టుకుంటారు, అదీ మంచిదే.

150లో దాదాపు సగం, పేజీకి ఒకటి రెండు వాక్యాలుండే బొమ్మల పుస్తకాలు ఉండాలి. పెద్దపిల్లలు ఉన్నా సరే, ఎందుకో ఏడో అంకెలో చెప్తా. ఓ నలభై కథల పుస్తకాలు. ఓ పాతిక జంతువులు, యంత్రాలు, ఇంట్లో చేసే ప్రయోగాల మీద. మిగతావి పొడుపు కథలు, జోకులు, కామిక్స్, ఒక మంచి అట్లాసు. నీతి కథల సంపుటాలు రెండుకి మించి కొనకండి, అవి ఎవరో ఒకరు ఎలాగూ ఇస్తారు. ఎక్కువ భాగం తెలుగు, కొన్ని ఇంగ్లీషు, కొన్ని రెండు భాషలూ పక్కపక్కనే ఉన్నవి.

తక్కువ ధరలో మంచివి కావాలంటే సికింద్రాబాద్‌లోని 'మంచి పుస్తకం' సంస్థ, నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్ అనే ప్రచురణ సంస్థల జాబితాలు చూడండి. మామూలుగా హైదరాబాద్ బుక్ ఫెయిర్ డిసెంబరులో, విజయవాడ పుస్తక మహోత్సవం జనవరిలో జరుగుతాయి. వెళ్లేటప్పుడు ఇద్దరు ముగ్గురు పిల్లల్ని తీసుకెళ్లి, బడ్జెట్‌లో పావు వంతు వాళ్ల చేతికి ఇచ్చేయండి. వాళ్లు ఏరినవి మీకు నచ్చకపోవచ్చు. కొనండి.

డబ్బు లేకపోతే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ ఉంది. తెలుగు పిల్లల పుస్తకాలు ఉచితంగా దిగుమతి చేసుకుని ప్రింటు తీసుకోవచ్చు, రచయిత, చిత్రకారుల పేర్లున్న పేజీ తీసేయకుండా ఉంటే చాలు. చదివే స్థాయిని బట్టి ఒకటి నుంచి నాలుగు అంకెలు కూడా వేసి ఉంటాయి.

3. నంబర్లు వేసి రిజిస్టర్లో ఎక్కించండి

మొదటి రిజిస్టర్లో ఐదు గడులు చాలు: నంబరు, పుస్తకం పేరు, రచయిత, ఎలా వచ్చింది, ధర. అదే నంబరు పుస్తకం అట్ట లోపలి వైపు పర్మనెంట్ పెన్నుతో. వెన్ను మీద రంగు చుక్క ఒకటి: బొమ్మల పుస్తకాలకి ఎరుపు, కథలకి పసుపు, సంగతులు చెప్పేవాటికి ఆకుపచ్చ. పెద్ద లైబ్రరీల్లో విషయాన్ని బట్టి పుస్తకాలకి అంకెలు వేసే డ్యూయీ పద్ధతి జోలికి పోకండి, 150 పుస్తకాలకి అదంతా అనవసరపు టెన్షన్.

ఇక్కడ చాలామంది ఉత్సాహంగా చేసే పొరపాటు, పుస్తకాలన్నిటికీ గోధుమరంగు అట్టలు వేసేయడం. పుస్తకం భద్రమే, కానీ పిల్లాడు పుస్తకం ఎంచుకునేది ముఖచిత్రం చూసి. అన్నీ ఒకే రంగులో ఉంటే కిరాణా కొట్టు ఖాతా పుస్తకాల్లా ఉంటాయి. వెన్నుకి వెడల్పు టేపు వేయండి, అంతే.

4. ముఖచిత్రం కనపడేలా అమర్చండి

గోడ వెంబడి తాడు కట్టి క్లిప్పులతో పుస్తకాలు తగిలించండి. రెండున్నర, మూడడుగుల ఎత్తులో, అంటే మీ నడుం దగ్గర. మీ కళ్ల ఎత్తులో కడితే అది మీకోసం కట్టుకున్నట్టే. రోజుకి ముప్పై నలభై తగిలిస్తే చాలు, మిగతావి పెట్టెల్లో, మూతలు తీసి. వారానికోసారి మార్చండి. మూలన పడి ఉన్న పుస్తకం తాడెక్కగానే దానికి గిరాకీ మొదలవుతుంది.

బీరువా అయితే గది తెరిచి ఉన్నంతసేపూ దాని తలుపులూ తెరిచే ఉండాలి. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడనే ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో రాసిన గ్రంథాలయ సూత్రాల్లో మొట్టమొదటిదే పుస్తకాలు ఉన్నది వాడటానికి అని. మన దగ్గర "చింపేస్తారు" అని అద్దాల వెనక పెట్టి తాళం వేసిన లైబ్రరీలు ఎన్నో ఉన్నాయి, అక్కడ పుస్తకాలు నిజంగానే చిరగలేదు, చెదలు తిన్నాయి.

చెదల సంగతి వచ్చింది కాబట్టి: పెట్టెల కింద ఇటుకలు పెట్టండి, గోడకి జానెడు ఎడంగా ఉంచండి. వానాకాలంలో వారానికోసారి పుస్తకాలు బయటికి తీసి నీడలో గాలికి పెట్టండి, ఎండలో కాదు, ఎండకి కాగితం పెళుసెక్కి రంగులు పోతాయి. అరల్లో ఎండిన వేపాకు వేయొచ్చు గానీ దాన్నే నమ్ముకుని చూడటం మానేయకండి.

5. మొదటి నెలంతా చదివి వినిపించండి

గది తెరిచి "చదువుకోండి" అంటే పది నిమిషాల్లో దొంగా పోలీసు మొదలవుతుంది. రోజూ మొదటి పావుగంట ఒక పెద్దమనిషి ఒక పుస్తకం పైకి చదవాలి. ముందు రోజు ఇంట్లో రెండుసార్లు పైకి చదువుకుని రండి, ఎక్కడ ఆగాలో, ఏ పాత్రకి ఏ గొంతో అప్పుడు తెలుస్తుంది. పిల్లలు అర్ధచంద్రాకారంలో కింద కూర్చోవాలి, మీరూ కిందే. పుస్తకం మీ భుజం పక్కన, బొమ్మలు వాళ్ల వైపు. పేజీ తిప్పేముందు వెనక వరస దాకా బొమ్మ కనపడేలా నెమ్మదిగా అటూ ఇటూ చూపించండి. మధ్యలో ఆపి వివరించకండి. కష్టమైన మాట వస్తే గొంతుతో దాటేయండి, కథలో అదే అర్థమవుతుంది.

అయిపోయాక పుస్తకం మూసేసి ఊరుకోండి. "ఈ కథలో నీతి ఏమిటి?" అని అడగకండి. ఈ గైడ్ మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. ఆ ప్రశ్న వింటూనే పిల్లల మొహాలు బడి మొహాలైపోతాయి, రేపటి నుంచి కథ వినేటప్పుడే జవాబు వెతకడం మొదలుపెడతారు. ఊరుకుంటే ఎవడో ఒకడు "ఆ నక్క అలా చెయ్యకుండా ఉండాల్సింది" అంటాడు, ఇంకోడు కాదంటాడు, అది చాలు. మీకు అడగాలనే ఉంటే "ఎక్కడ బోర్ కొట్టింది?" అని అడగండి. బోర్ కొట్టిందని చెప్పొచ్చని తెలిసిన రోజు నుంచి నచ్చిన సంగతులు కూడా నిజంగా చెప్తారు.

తర్వాత అరగంట ఎవరి పుస్తకం వాళ్లది. ఒకడు పావుగంటలో నాలుగు మార్చాడనుకోండి, మార్చనివ్వండి. ఒకే పుస్తకం మళ్లీ మళ్లీ తీసేవాళ్లనీ కదపకండి. మా గదికి వచ్చే ఒకటో తరగతి పిల్ల ఒక మొసలి పుస్తకం పట్టుకుని వారాల తరబడి వదల్లేదు. అక్షరాలు సరిగా రాకముందే ఏ మాట దగ్గర పేజీ తిప్పాలో కంఠతా వచ్చేసింది. వేలు పెట్టి చెప్పుకుంటూ పోతుంటే, నోట్లో ఉన్న మాటకి పేజీ మీద ఉన్న మాట ఒక్కోటీ అతుక్కోవడం ఎదురుగా కనపడింది. "ఇది అయిపోయిందిగా, వేరేది తీసుకో" అని ఉంటే అది జరిగేది కాదు.

6. మొదటి రోజు నుంచే ఇంటికి ఇవ్వండి

రెండో రిజిస్టరు దీనికి. తేదీ, పేరు, పుస్తకం నంబరు, తిరిగి ఇచ్చిన తేదీ. ఒకరికి ఒక పుస్తకం, ఒక వారం. డిపాజిట్ పెట్టకండి, యాభై రూపాయలు పెట్టినా కూలికెళ్లే ఇంటి పిల్లలు ఆగిపోతారు, అసలు గది కావలసింది వాళ్లకే. జరిమానాలు కూడా వద్దు, జరిమానాకి భయపడి పుస్తకమూ రాదు, పిల్లాడూ రాడు. చిరిగితే ఆ పిల్లాడితోనే కూర్చుని టేపు వేయించండి. పోతే, పోయిందని చెప్పినందుకు మెచ్చుకుని రిజిస్టర్లో "పోయింది" అని రాయండి. ఏటా కొన్ని పోతాయి, దాన్ని ఖర్చు కింద రాసుకోండి.

రిజిస్టర్ రాసే పని ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకి వంతులేసి ఇవ్వండి. ఊడ్చే పనికి కూడా వంతులే, అందులో మగపిల్లల పేర్లు ఉన్నాయో లేదో చూసుకోండి.

7. చదవడం తడబడే పిల్లల్ని బయటపెట్టకండి

ప్రతి గదిలోనూ వీళ్లు ఉంటారు. ఇంగ్లీషు మీడియంలో చదువుతూ తెలుగు గడగడా మాట్లాడి, ఒత్తు కనపడగానే ఆగిపోయేవాళ్లు కొందరు. ఎనిమిదో తరగతికి వచ్చినా కూడబలుక్కునేవాళ్లు కొందరు. వేరే వరసలో కూర్చోబెట్టారా, మరుసటి వారం రారు.

పెద్దపిల్లాడికి బొమ్మల పుస్తకం ఇచ్చి "మీ తమ్ముడికి చదివి వినిపించు, వాడికి నచ్చిందో లేదో నాకు చెప్పు" అనండి. తమ్ముడి పేరుతో వాడు తన స్థాయి పుస్తకం తలెత్తుకుని తీసుకెళ్తాడు, ఇంట్లో రెండు మూడుసార్లు చదువుకుంటాడు కూడా. బొమ్మల పుస్తకాలు సగం ఉండాలన్నది ఇందుకే. తమ్ముడు లేకపోతే గదిలోనే ఒకటో తరగతి పిల్లని జత చేయండి.

ఒత్తులకి నేను చూసినవాటిలో బాగా పనిచేసింది బోర్డుల నడక. పదిమందిని వెంటేసుకుని బజార్లో నడవండి, దుకాణాల బోర్డులు చదవనివ్వండి. "పంక్చర్", "జనరల్ స్టోర్స్", "ఎలక్ట్రికల్స్": ఆ కొట్టు ఏమిటో వాడికి ముందే తెలుసు, కాబట్టి నోరు ముందు పలుకుతుంది, కన్ను తర్వాత వెళ్లి ఆ ఒత్తుని పట్టుకుంటుంది. తిరిగొచ్చాక ఎవరికి గుర్తున్న బోర్డు వాళ్లు గీస్తారు. తప్పు రాసిన బోర్డులు పట్టుకోవడం ఇంకా పెద్ద ఆట.

ఏ పుస్తకం ఎవరికి సరిపోతుందో తెలియకపోతే, కథల పుస్తకంలో మధ్య పేజీ తీసి వాడినే మెల్లగా చదువుకోమనండి, ఆగిన ప్రతి మాటకీ ఒక వేలు ముడవాలి. పేజీ అయ్యేలోపు ఐదు వేళ్లూ ముడిస్తే అది ఎవరితోనైనా కలిసి చదవాల్సిన పుస్తకం. ఈ లెక్క వాడు వేసుకోవాలి, మీరు పక్కన నిలబడి కాదు.

ఇంట్లో లంబాడీ, కోయ, ఉర్దూ, ఒడియా మాట్లాడే పిల్లలుంటే కథ ఆ భాషలో చెప్పనివ్వండి, తెలుగు లిపిలో రాయనివ్వండి. నానమ్మ దగ్గర విన్నది అందరికీ చెప్పినవాడికి ఆ పూట గదిలో హోదా వస్తుంది.

8. రెండో నెలలో రాయించడం మొదలుపెట్టండి

వ్యాసాలు వద్దు. "నా ఆశయం", "వర్షాకాలం", "మన పండుగలు" లాంటివి ఇస్తే బడిలో నేర్చుకున్న వాక్యాలే తిరిగి వస్తాయి, ఆ పిల్లాడికి దాంట్లో పనేమీ ఉండదు. చిన్నవి, వాడికి మాత్రమే తెలిసినవి అడగండి. మీ కోడి గుడ్డు ఎక్కడ పెడుతుంది? కరెంటు పోతే మీ ఇంట్లో ముందు అరిచేదెవరు? మీ వీధిలో ఏ కుక్కంటే భయం? అమ్మకి తెలియకుండా దాచిన వస్తువు ఏమిటి? ఆటోలో బడికి వెళ్లేటప్పుడు ఎవరు ఎక్కడ కూర్చుంటారు?

పది నిమిషాలు మాటలు, ఐదు నిమిషాలు బొమ్మ, పావుగంట రాయడం, చివర ఇష్టమైనవాళ్లు చదవడం. మాటలు తప్పకుండా ముందు ఉండాలి, నోట్లో లేనిది పెన్సిల్లోకి రాదు. పావుగంటలో పెద్దవాళ్లు కూడా రాయాలి, ఫోన్ చూడకూడదు.

తేడా ఎలా ఉంటుందో చూడండి. పండుగ గురించి రాయమంటే వచ్చేది ఇది: "సంక్రాంతి మన పెద్ద పండుగ. అందరూ సంతోషంగా జరుపుకుంటారు." భోగి మంటలో మీ ఇంట్లోవాళ్లు ఏం వేశారు, ఏం వెయ్యలేదు అని అడిగితే ఇలాంటిది వస్తుంది: "మా నానమ్మ మంచం కోడు వెయ్యనియ్యలేదు. దానికి బర్రెను కట్టేస్తనంది." రెండో దాంట్లో నానమ్మ ఉంది, బర్రె ఉంది, ఇంటి సంగతి ఉంది. "వెయ్యనియ్యలేదు", "కట్టేస్తనంది" అన్నవి అలాగే ఉంచండి. ఉరికిన, ఒచ్చిండు, ఎల్లిపోనాడు, ఏ జిల్లా పిల్లాడు ఎలా మాట్లాడితే అలా రాయనివ్వండి, దిద్ది పాఠ్యపుస్తకం భాషలోకి మార్చారంటే మరుసటి వారం మళ్లీ "సంతోషంగా జరుపుకుంటారు" వస్తుంది.

ఎర్ర పెన్ను గదిలోకి తేకండి. అక్షరదోషాలు పుస్తకంగా కుట్టబోయేవాటిలోనే సరిచేస్తాం, అది కూడా పిల్లాడి పక్కన కూర్చుని, పెన్సిల్తో, వాడికి తెలిసేలా.

రాయడం రానివాళ్లు చెప్తే పెద్దపిల్లలు రాసిపెట్టాలి, చెప్పింది చెప్పినట్టు, ఒక్క మాట బాగుచేయకుండా. తర్వాత దాన్ని వేలుపెట్టి చదివి వినిపిస్తే ఆ పిల్ల తన మాటలు తనే చదవడం మొదలుపెడుతుంది.

మొదట్లో సినిమా కథలు, టీవీ సీరియళ్లు రాస్తారు. ఒకటి రెండుసార్లు రాయనివ్వండి. ఫోన్లో యాప్‌ని అడిగి దించుకొచ్చింది కూడా వస్తుంది, చూడగానే తెలుస్తుంది, అన్నీ గొప్ప మాటలే ఉంటాయి, కోడి ఉండదు. తిట్టకుండా "ఇందులో మీ ఇల్లేది?" అని అడగండి.

జాగ్రత్త: ఎప్పుడో ఒకప్పుడు ఒక పిల్ల కొట్టడం గురించో, తాగొచ్చే తండ్రి గురించో, అంతకంటే పెద్ద సంగతో రాస్తుంది. అది పైకి చదివించకండి, మిగతా పెద్దవాళ్ల మధ్య కబురు కానివ్వకండి, గోడ మీద పెట్టకండి. విడిగా కూర్చుని వినండి, "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాట ఇవ్వకండి. పిల్లకి ప్రమాదం ఉందనిపిస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, డబ్బు ఖర్చు కాదు.

9. రాసినవాటిని పుస్తకంగా కుట్టి నంబరు వేయండి

ఏ4 కాగితాలు నాలుగు తీసుకుని ఒకదాని మీద ఒకటి పెట్టి సగానికి మడవండి, 16 పేజీలు వస్తాయి. అదే కొలతకి చార్టు ముక్క అట్టగా బయట పెట్టండి. మడత మీద మూడు చిల్లులు, మధ్యలో ఒకటి, పైనా కిందా రెండు వేళ్ల ఎడం వదిలి ఒక్కోటి. దబ్బనం పెద్దవాళ్లే పట్టుకోవాలి, కింద పాత చెప్పు గానీ మందపాటి అట్ట గానీ పెట్టి గుచ్చండి.

దారం పుస్తకం ఎత్తుకి మూడింతలు. లోపలి నుంచి మధ్య చిల్లులోంచి సూది బయటికి తీసి, కొస లోపల కొంచెం వదలండి. బయట నుంచి పై చిల్లులోకి. లోపల మధ్య చిల్లుని దాటేసి నేరుగా కింద చిల్లులోంచి బయటికి. మళ్లీ బయట నుంచి మధ్య చిల్లులోకి. ఇప్పుడు రెండు కొసలూ లోపలే ఉంటాయి, వాటి మధ్యలోంచి పొడుగు దారం వెళ్తూ ఉంటుంది. దాని మీదుగా బిగించి ముడి వేయండి. వదులుగా ఉంటే పేజీలు జారతాయి, మరీ లాగితే మడత దగ్గర కాగితం తెగుతుంది.

కుట్టడం కష్టమనిపిస్తే మడత మీద స్టేప్లర్ కొట్టండి, పిన్నుల కొసల మీద టేపు వేయడం మరిచిపోకండి. రాసేటప్పుడు మడత వైపు రెండు వేళ్ల మార్జిన్ వదిలించండి, లేకపోతే అక్షరాలు కుట్టులో పోతాయి. జిరాక్స్ తీయాలనుకుంటే నల్ల పెన్నుతో రాయించండి, పెన్సిల్ రాత సరిగా పడదు.

ఆ పుస్తకానికి మొదటి రిజిస్టర్లో తర్వాతి నంబరు వేయండి. 150 తర్వాత 151. రచయిత గడిలో పిల్ల పేరు, ధర గడిలో గీత. రంగు చుక్క అతికించి తాడుకి తగిలించండి, మిగతా పుస్తకాల్లాగే ఇంటికి ఇవ్వండి. విడిగా "పిల్లల రచనలు" అని ఒక మూల పెట్టకండి. 151వ నంబరు ఎవరు తీసుకెళ్లారో రాసినామె రోజూ వచ్చి రిజిస్టర్లో చూసుకుంటుంది. ఎవరూ తీసుకెళ్లకపోయినా చూసుకుంటుంది కాబట్టి మొదటి వారం మీరే ఒకటి ఇంటికి తీసుకెళ్లండి.

ఒక్కరే పుస్తకం నింపలేకపోతే నెలకోసారి అందరి రాతలూ గోడకి అతికించి గోడపత్రిక పెట్టండి, లేదా అందరివీ కలిపి చేతిరాతతోనే లిఖిత పత్రిక కుట్టండి. నెలనెలా సంపాదకులు మారాలి. చక్కటి దస్తూరి ఉన్న ఒక్కమ్మాయితో అన్నీ తిరగరాయించడం మన బళ్లలో పాత అలవాటు, అది వద్దు, ఎవరి రాత వాళ్లదే.

తరచూ జరిగే పొరపాట్లు

ఎక్కువ పుస్తకాలు చదివినవాళ్లకి బహుమతి అని ప్రకటించడం. వారం తిరక్కుండా పేజీలు తిప్పి పడేసే పోటీ మొదలవుతుంది, అందరికంటే నెమ్మదిగా ఇష్టంగా చదివేవాడు ఓడిపోయినవాడవుతాడు. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలప్పుడు వ్యాసరచన, వక్తృత్వం పెట్టమని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. బదులుగా పిల్లలు కుట్టిన పుస్తకాలు హాలు బయట తాడుకి కట్టి ఊరివాళ్లని చదవనివ్వండి.

హోంవర్కు లోపలికి రానివ్వడం. "ఎలాగూ కూర్చున్నారుగా, అరగంట లెక్కలు చెప్పొచ్చుగా" అని తల్లిదండ్రులు మర్యాదగానే అడుగుతారు. ఒప్పుకుంటే రెండు నెలల్లో పుస్తకాల గది పోయి ట్యూషన్ మిగులుతుంది. చెప్పాలనుకుంటే వేరే రోజు, వేరే పేరుతో పెట్టండి.

వేళలు మార్చకపోవడం. మార్చిలో ఒంటిపూట బడులు మొదలైతే పిల్లలు మధ్యాహ్నానికే ఇంట్లో ఉంటారు, రేకుల హాల్లో మూడింటికి కూర్చోలేరు, ఐదు తర్వాతకి జరపండి. పరీక్షలప్పుడు మూసేయకండి, కథ చదవడం ఒక్కటి ఉంచి గంటలో పంపేయండి. పదో తరగతి వాళ్లు ఆ ఏడాది మాయమవుతారు. బతిమాలకండి, పరీక్షలు అయిన మర్నాడు గది తెరిచి ఉందని కబురు పంపండి.

దాత ఫొటో, పార్టీ రంగు. ఒకసారి గోడ ఎక్కితే ఊళ్లో సగం ఇళ్ల పిల్లలు తగ్గుతారు. దాత పేరు రిజిస్టర్లో "ఎలా వచ్చింది" గడిలో ఉంటుంది, చాలు.

పని జరుగుతోందో లేదో చూసుకోవడం

మూడు నెలలకోసారి ఇచ్చి పుచ్చుకునే రిజిస్టర్ ముందేసుకోండి. మొత్తం ఎన్ని పుస్తకాలు వెళ్లాయన్నది పెద్దగా ఏమీ చెప్పదు. ఒకసారి తీసుకెళ్లి మళ్లీ రాని పేర్లు గీత గీసుకుని ఇళ్లకి వెళ్లి అడగండి, కారణం చాలాసార్లు పుస్తకం కాదు, చిరిగిపోయిందని భయమో, చెల్లిని చూసుకోవాలనో. చెల్లిని తీసుకురమ్మనండి. ఒక్కసారి కూడా కదలని పుస్తకాలు ఏవో చూసి తాడెక్కించండి, అప్పటికీ కదలకపోతే తీసేయండి. వెన్ను మూడుసార్లు టేపు వేయించుకున్న పుస్తకం ఉంటే రెండో కాపీ కొనండి.

మీరు చెప్పకుండా పిల్లాడు రెండో పుస్తకం వెతుక్కుంటున్నాడా, ఒకరికొకరు "అది చదివావా" అనుకుంటున్నారా, నచ్చలేదని మధ్యలో ఆపేసి ధైర్యంగా తిరిగిస్తున్నారా, గదిలో కూర్చుని ఇవి గమనించండి. మూడోది చూసి కంగారు పడకండి, అది మంచి లక్షణం.

రాతకి ఒకటే పరీక్ష. ఏ పిల్లదైనా మొదటి కాగితం, తాజా కాగితం పక్కపక్కన పెట్టి ఒక్కో వాక్యం దగ్గర ఆగండి: ఈ వాక్యం పక్కింటి పిల్ల కూడా రాయగలదా? రాయగలిగే వాక్యాలు తగ్గుతుంటే పని జరుగుతోంది. కాగితాలన్నీ తేదీ వేసి పిల్లకో ఫైలులో దాచకపోతే ఈ పరీక్ష కుదరదు, మొదటి రోజు నుంచే దాచండి. ఈ లెక్కలు మీకోసమే, పిల్లలకి ర్యాంకులు చెప్పడానికి కాదు.

ఇక మీ సంగతి. గది ఒక్కరి మీద నడుస్తుంటే ఆ ఒక్కరికి బదిలీ అయినా, పెళ్లయినా గది మూతపడుతుంది. ఆరు నెలలు తిరిగేసరికి కథ చదవడం, తాడు మీద పుస్తకాలు మార్చడం, రిజిస్టర్ చూడటం మీరు చెయ్యి పెట్టకుండా కనీసం ఒక పూట జరగాలి. తొమ్మిదో తరగతి పిల్లల్లో ఇద్దరికి ఆ పని అప్పజెప్పి, మీరు ఒక పెద్దమనిషిగా వెనక చాప మీద కూర్చోండి. తాళం చెవి రెండో జత చేయించి, అది ఎవరింట్లో ఉందో తలుపు లోపలి వైపు రాసి అతికించండి.